ముట్టుకోకూడని తీగ

ఊరి చివరి టెలిఫోన్ స్తంభం నుంచి మా పేటలోకి వచ్చే తీగ పొడవు రెండు ఫర్లాంగులు. ఆ రెండు ఫర్లాంగుల తీగ చుట్టూ నా వయసులో పన్నెండేళ్ళు తిరిగిపోయాయి. 1994 నుంచి 2006 దాకా మా పేటలో నేను ఎస్టీడీ బూత్ నడిపాను. నడిపానంటే డబ్బాలో కూచుని బిల్లులు చింపాననుకోకండి. సగం రోజులు నిచ్చెన మీద, స్తంభం మీద, కాలవ గట్టు మీద గడిచాయి. తెగిన తీగని అతికించుకోవడమే నా అసలు పని అయ్యింది. ఆ పనికి కూలి లేదు. పైగా అది నేరం అన్నారు.

మనవాళ్ళు బతుకు రాసేటప్పుడు చెరువు గురించి రాశారు, గుడి గురించి రాశారు, బళ్ళో వెనక వరస గురించి రాశారు, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు గురించి రాశారు. ఇవన్నీ పాతకాలం నుంచీ ఉన్నవి. కొత్తగా వచ్చిన వస్తువుకి కులం అంటదని చాలామంది చదువుకున్నోళ్ళు అనుకుంటారు. కరెంటుకి కులమేంటి, రైలుకి కులమేంటి, ఫోనుకి కులమేంటి అంటారు. మా రెండు ఫర్లాంగుల తీగ చరిత్ర చెప్తాను. విన్నాక ఉందో లేదో మీరే తేల్చండి.

ముందు తీగ చరిత్ర. మన దేశంలో మొదటి టెలిగ్రాఫ్ లైను 1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా పడింది. 1857 తిరుగుబాటప్పుడు తమని కాపాడింది ఈ తీగలేనని తెల్లదొరలే చెప్పుకున్నారు. అంటే పుట్టుకతోనే అది పాలించేవాడి చేతిలో ఆయుధం. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్చేంజీలు మొదలయ్యాయి. 1885లో ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం చేశారు. టెలిఫోనూ దాని కిందికే వచ్చింది. స్వతంత్రం వచ్చాక దొరలు పోయారు గాని ఆ చట్టం పోలేదు. అందులో 25వ సెక్షను ఉంది. టెలిగ్రాఫ్ తీగనిగాని స్తంభాన్నిగాని పాడుచేసినా, తీసేసినా, కెలికినా, ముట్టుకున్నా మూడేళ్ళ దాకా జైలు అని అందులో రాసి ఉంది. ఇంగ్లీషులో ఆ ‘ముట్టుకున్నా’ అన్న మాట చదివినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఈ మాట మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. చట్టంలో ఆ మాటకి ముందు ఇంకో షరతు ఉంది. దాని సంగతి తరవాత చెప్తాను.

మాది కోనసీమ. కాలవకి అవతల ఊరు, ఇవతల మాలపేట. పేట దాటి, పుంత దాటి పోతే మాదిగ గూడెం. నా చిన్నప్పటికే ఊళ్ళో ఒక ఫోను ఉండేది. కామందుగారి మండువా లోగిట్లో, గోడ దగ్గర బల్ల మీద, నల్లగా, బరువుగా ఉండేది. నేను దాన్ని చూసింది కిటికీలోంచే. మా నాన్న ఆ లోగిలి చుట్టూ ఉన్న తోటలో కొబ్బరి దింపు తీసేవాడు.

మా పేటలో ఎవరికైనా కాకినాడ ఆస్పత్రి నుంచో, హైదరాబాదు కూలికెళ్ళిన వాళ్ళ నుంచో ఫోనొస్తే ఆ ఇంటి పాలేరు కాలవ గట్టు మీదికొచ్చి కేకేసేవాడు. మేం పరుగెత్తుకెళ్ళి అరుగు కింద నిలబడేవాళ్ళం. రిసీవరు మా చేతికి ఇచ్చేవోళ్ళు కాదు. కామందుగారో, ఆయన కొడుకో లోపల మాట్లాడి బయటికొచ్చి మాకు చెప్పేవోళ్ళు. మేం చెప్పింది మళ్ళీ లోపలికెళ్ళి అవతలివాళ్ళకి చెప్పేవోళ్ళు. “మీ అల్లుడు డబ్బు పంపమంటున్నాడ్రా, మీ పిల్లని ఏలుకోడంట” అని అరుగు మీద నుంచి కేకేసి చెప్తే, మా ఇంటి గుట్టు ఊరంతా విన్నాకే మాకు అందేది. డబ్బులు అడిగేవోళ్ళు కాదు, పని అడిగేవోళ్ళు. ఒక కబురు వస్తే ఒక పూట దొడ్లో పని. అది రేటు అని ఎవరూ పైకి అనలేదు. కానీ అందరికీ తెలుసు.

1988లో మా అమ్మ కువైట్ వెళ్ళింది. మా పేటల్లో అరబ్బుల ఇళ్ళలో పనికి వెళ్ళని ఆడమనిషి లేని గుమ్మం తక్కువ. భూమి లేదు, దింపుకూలి చాలదు, అప్పు తీరదు. ఆడవాళ్ళు పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలేసి విమానం ఎక్కారు. రెండేళ్ళలో అమ్మ గొంతు నేను ఒక్కసారీ వినలేదు. ఉత్తరం వచ్చేసరికి నెల దాటేది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. రేడియోలో విన్నాం. ఉత్తరాలు ఆగిపోయాయి. ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు దాకా అమ్మాన్ మీదుగా విమానాల్లో లక్షకి పైగా మందిని మన దేశానికి తెచ్చారు. ఆ సంగతి పేపర్లో రోజూ వచ్చేది. అందులో మా అమ్మ ఉందో లేదో మాకు తెలియదు. నాన్న దింపు మానేసి రోజూ కామందుగారి వీధిలో కూచునేవాడు. ఫోనొస్తే కేకేస్తారని.

ఒకరోజు పొద్దున్నే అమ్మ తనే పుంత మీద నడుచుకుంటూ వచ్చింది. కాళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతిలో చిన్న సంచీ. “బొంబాయిలో దిగిన రోజే ఫోను చేశాను గదా, మీ నాన్న స్టేషనుకి రాలేదేం?” అంది. నాన్న వెళ్ళి అడిగితే కామందుగారి కొడుకు చెప్పిన జవాబు ఇది: “వచ్చిందిరా ఫోను, మూడ్రోజులయ్యింది. ఆవేళ మా ఇంట్లో వ్రతం. మిమ్మల్ని గుమ్మం దగ్గరికి పిలవడం ఎందుకని ఊరుకున్నాం. తర్వాత మర్చిపోయాం.” అమ్మ పంపిన కబురు కంటే అమ్మే ముందు ఇల్లు చేరింది.

ఆ రాత్రి అమ్మ అన్న మాట ఈ వ్యాసానికంతటికీ మూలం. “నేను బతికున్నానని చెప్పడానిక్కూడా ఆళ్ళ నోరే కావాలేంట్రా?”

మరుసటి ఏడాది 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపేశారు. మా పేటలో కుర్రోళ్ళం చర్చి ముందు కూచుని మాట్లాడుకున్నాం. మన మీదికి వస్తే ఎవరికి చెప్తాం? కలెక్టరుకి ఫోను చేయాలంటే ఎవరింట్లోంచి చేస్తాం? కొట్టేవాడి ఇంట్లోకే వెళ్ళి, అయ్యా మమ్మల్ని కొడుతున్నారు, పోలీసులకి ఒక ఫోను చేసిపెట్టండి అని అడగాలా? అప్పుడర్థమయ్యింది మాకు, ఫోనంటే కులాసా కబురు కాదని.

1984లో సి-డాట్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. ఏసీ గది అక్కర్లేని చిన్న ఎక్స్చేంజీని వాళ్ళు తయారు చేశారు. అలాంటిది మొదట 1986 జూలైలో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. దానికి 128 లైన్లు. దీని వెనక ముఖ్యుడైన సామ్ పిట్రోడా ఒడిశాలోని టిట్లాగఢ్‌లో గుజరాతీ వడ్రంగి కుటుంబంలో పుట్టినవాడు. చేతిపని కులంలోంచి వచ్చినవాడికి పల్లెటూరు గుర్తొచ్చిందని నేను అనుకుంటాను. అలాంటి చిన్న ఎక్స్చేంజి తొంభైల మొదట్లో మా పక్క ఊళ్ళోకి వచ్చింది. ఊళ్ళో పదిహేను ఇళ్ళలో ఫోన్లు మోగాయి. పేటలో ఒక్కటీ లేదు.

నేను డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాను. ఎస్టీడీ బూత్‌లు ఇచ్చేటప్పుడు వికలాంగులకి, ఎస్సీ ఎస్టీలకి, మాజీ సైనికుల కుటుంబాలకి ముందు ఇస్తారని తెలిసి 1993లో దరఖాస్తు పెట్టాను. అమ్మ చెవిదిద్దులు తాకట్టు పెట్టి డిపాజిట్ కట్టాం. 1994లో బూత్ వచ్చింది. పేట మొదట్లో, చర్చి పక్కన, తాటాకు పందిరి కింద చెక్క డబ్బా. ఎర్ర అంకెలతో మీటరు. మొదటిసారి మా పేట మనిషి రిసీవరు తన చేత్తో పట్టుకుని, తన నోటితో, తన ఇంటి సంగతి తనే మాట్లాడింది ఆ డబ్బాలోనే. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. శుక్రవారం పొద్దున్నుంచీ పిల్లలు, ముసలమ్మలు, మొగుళ్ళు పందిరి కింద కూచునేవాళ్ళు. ఫోను మోగితే అందరూ ఒకేసారి లేచి నిలబడేవాళ్ళు.

అది నాలుగు నెలలు సాగింది. తరవాత తీగ తెగడం మొదలయ్యింది.

ఎందుకు తెగేదంటే, ఊరి దాకా వేసిన లైనుకి స్తంభాలు ఇనపవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. మా రెండు ఫర్లాంగులకి నాలుగే స్తంభాలు పాతారు. మధ్యలో తీగని కొబ్బరిచెట్లకి కట్టేశారు. మట్ట రాలితే తీగ తెగేది. గడ్డిబండి పోతే తెగేది. ఉడతలు పైతొడుగు కొరికేవి. సముద్రపు ఉప్పుగాలికి లోపలి రాగి పచ్చగా చిలుమెక్కేది. ఇవి అందరికీ ఉండే కారణాలే. కానీ ఊళ్ళో తెగితే రెండో రోజు లైన్‌మన్ వచ్చేవాడు. మాకు తెగితే ఇరవై రోజులు.

ఫోను చచ్చిపోతే 198కి కంప్లయింటు ఇవ్వాలి. చచ్చిన ఫోన్లోంచి ఎలా ఇస్తాం? ఊళ్ళోకెళ్ళి ఎవరి ఇంట్లోనన్నా అడగాలి. లేదా సైకిలేసుకుని ఎక్స్చేంజికి పోవాలి. నేను సైకిలే తొక్కాను. అక్కడ పుస్తకంలో రాసుకుని ఒక నంబరు ఇచ్చేవాళ్ళు. వారం తర్వాత వెళ్తే, “మీ కంప్లయింటు క్లోజయ్యింది గదా, లైను బాగానే ఉంది” అనేవాళ్ళు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. లైన్‌మన్ ఊరి చివరి స్తంభం దాకా వచ్చి, అక్కడున్న పెట్టెలో చూసి, లైను వస్తోందని రాసుకుని వెళ్ళిపోయేవాడు. కాలవ దాటి పేటలోకి వచ్చేవాడు కాదు. ఆయన లెక్కలో ఊరి చివరితో డిపార్టుమెంటు అయిపోయింది. ఒకసారి నేను ఎదురెళ్ళి అడిగితే, “బురదలో ఎక్కడికి రమ్మంటావయ్యా” అన్నాడు. ఆ బురదలోనే నాలుగొందలమందిమి బతుకుతున్నాం. ఫోను మోగకపోయినా బిల్లు మాత్రం మానకుండా వచ్చేది.

తీగ తెగడంలో రెండు రకాలున్నాయి. జోడుతీగలో రెండు తీగలూ ఒకదానికొకటి తగులుకుంటే బయటినుంచి చేసేవాళ్ళకి ఎంగేజ్ వస్తుంది. ఒకటి తెగిపోతే అలా కాదు. బయటివాళ్ళకి బెల్లు మోగుతున్నట్టే వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం మోగదు. కువైట్‌లో తల్లి యజమానురాలి కళ్ళుగప్పి ఐదు నిమిషాలు ఫోను పట్టుకుంటుంది. బెల్లు మోగుతూనే ఉంటుంది. ఎవరూ ఎత్తరు. ఇంట్లో ఏమైందోనని ఆమె వారమంతా ఏడుస్తుంది. ఇక్కడ పిల్లాడు పందిరి కింద కూచుని, అమ్మ ఈ వారం మర్చిపోయిందని ఏడుస్తాడు. మధ్యలో ఒక కొబ్బరిమట్ట. దాన్ని తీయడానికి రాని ఒక మనిషి.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఫోనాఫీసులో రోజుకూలి మజ్దూరుగా పన్నెండేళ్ళు చేశాడు. కేబులు గోతులు తవ్వాడు, స్తంభాలు మోశాడు. దేశమంతటా ఈ తీగలు వేసింది ఇలాంటి రోజుకూలీలే. వాళ్ళలో మనవాళ్ళెందరో. ఏళ్ళ తరబడి పనిచేయించుకుని పర్మనెంటు చేయకపోతే, తంతి తపాలా రోజుకూలీల కేసులో 1987లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. రెగ్యులర్ ఉద్యోగుల కనీస జీతంతో సమానంగా కూలి ఇవ్వమంది, వాళ్ళని పర్మనెంటు చేయడానికి పథకం తయారు చేయమంది. 1989లో పథకం వచ్చింది. మా మావయ్యకి మాత్రం మస్టరులో రోజులు చాలలేదన్నారు. తీగ గురించి అన్నీ తెలిసినవాడు, తీగ ముట్టుకునే ఉద్యోగం లేనివాడు.

1995 వేసవిలో మావయ్య నాకు పని నేర్పాడు. మొదటి పాఠం, ముట్టుకునేముందు పైకి చూడు అన్నాడు. కరెంటు తీగ మీద పడి ఉంటే ఫోను తీగే నిన్ను చంపుతుంది. పడలేదని తేలాకే చెయ్యి పెట్టు. ఫోను తీగలో ఎప్పుడూ ఉండేది 48 వోల్టుల బ్యాటరీ కరెంటు. పొడిచేతికి తెలియదు, తడిచేతికి చురుక్కుమంటుంది. బెల్లు కొట్టేటప్పుడు 75 వోల్టుల దాకా వస్తుంది. అప్పుడు పట్టుకుంటే ఝల్లుమని చెయ్యి వదిలేస్తావు. భయపడి స్తంభం మీద నుంచి పడకు అన్నాడు.

రెండో పాఠం, వెతకడం. రెండు ఫర్లాంగులూ వెతకొద్దు. మధ్య స్తంభం ఎక్కి, మంచి ఫోను ఒకటి క్లిప్పులతో తగిలించు. టోను వస్తే తప్పు పేటవైపు ఉంది. రాకపోతే ఊరివైపు ఉంది. ఉన్న సగాన్ని మళ్ళీ సగం చేయి. నాలుగు స్తంభాలు ఎక్కేసరికి దొరుకుతుంది.

మూడో పాఠం, అతకడం. తొడుగు ఒలిచి, చిలుము పోయేదాకా రాగిని చాకుతో గీకాలి. రెండు కొసల్నీ మెలిపెట్టాలి. రెండు తీగల అతుకులూ ఒకేచోట రాకూడదు. జానెడు ఎడంగా ఉండాలి, లేదంటే వానకి ఒకదానికొకటి తగులుకుంటాయి. పైన సైకిల్ ట్యూబు ముక్క సాగదీసి బిగించి చుట్టాలి. వానాకాలంలో ఫోన్లో కరకరమని చప్పుడొస్తే ఏదో అతుకులోకి నీళ్ళు దిగాయని గుర్తు.

నాన్న దింపు తీసే మనిషి కాబట్టి ఎక్కడం నాకు చిన్నప్పుడే వచ్చు. మావయ్య పాత హ్యాండ్‌సెట్టు ఒకటి ఇచ్చాడు. ఆ ఏడాది నుంచి మా తీగ తెగిన పూటే బాగయ్యేది. కంప్లయింటు కూడా ఇచ్చేవాణ్ణి. ఇరవై రోజుల తర్వాత అది క్లోజయ్యేది.

గొడవ పెట్టె దగ్గర వచ్చింది. మా తీగ మొదలయ్యే పెట్టె ఊరి చివరి స్తంభానికి ఉంది. ఆ స్తంభం కామందుగారి ప్రహరీకి ఆనుకుని ఉంది. ఒక శుక్రవారం తెల్లవారుజామున పెట్టెలోనే తీగ ఊడిపోయిందని తేలింది. పందిరి కింద ముప్పైమంది కూచుని ఉన్నారు. నేను ఎక్కాను. స్క్రూ బిగిస్తుండగా కింద నుంచి కేక.

“ఎవడ్రా అది? దిగరా! ఆడోళ్ళు దొడ్లో తిరుగుతుంటే పైకెక్కి చూస్తావా?”

దిగాను. కామందుగారి కొడుకు. నలుగురు పోగయ్యారు. నేను ఒక్క మాటే అడిగాను. “మీ దొడ్లో కొబ్బరిచెట్టు ఈ స్తంభానికి రెండింతలు ఎత్తుందండి. మా నాన్న ముప్పైయేళ్ళు దాన్ని ఎక్కాడు. అప్పుడు దొడ్డి కనపడలేదాండీ?” జవాబు లేదు. చెంప మీద దెబ్బ మాత్రం పడింది. చెట్టెక్కి కాయ దింపితే పాలేరు. స్తంభమెక్కి నా తీగ నేను కట్టుకుంటే చూసేవాడు. చూపులో తేడా లేదు. కాయ వాళ్ళకి, కబురు మాకు, తేడా అక్కడుంది.

కొట్టినందుకు కేసు పెట్టాలని కుర్రోళ్ళు అన్నారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. సాక్షి చెప్పేవాళ్ళందరికీ కామందు తోటలోనే కూలి. నేను పెట్టలేదు. ఆ వెనకడుగు నాదే, చట్టానిది కాదు. ఇది రాసుకోకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. డిపార్టుమెంటు తీగని అనధికారంగా కెలుకుతున్నాడని అర్జీ పెట్టారు. సంజాయిషీ అడుగుతూ నాకు నోటీసు వచ్చింది. బూత్ రద్దు చేస్తామని కూడా ఉంది. ఇరవై రోజులకి రాని డిపార్టుమెంటు ఐదో రోజుకి వచ్చింది.

అప్పుడే నేను రాజమండ్రి వెళ్ళి ఆ 1885 చట్టం పుస్తకం కొని చదివాను. నా ఒళ్ళు జలదరించిన ఆ ‘ముట్టుకున్నా’ అన్న మాటకి ముందు ఉన్న షరతు ఇది: కబురు పోకుండా, చేరకుండా ఆపాలన్న ఉద్దేశంతోగాని, ఒకరి కబురు దొంగచాటుగా తెలుసుకోవాలన్న ఉద్దేశంతోగాని, నష్టం చేయాలన్న ఉద్దేశంతోగాని ముట్టుకుంటేనే నేరం. ఊరికే ముట్టుకుంటే కాదు. తెల్లదొర రాసిన చట్టానిక్కూడా ఉద్దేశం కావాలి. మా ఊళ్ళో ముట్టుడుకి ఉద్దేశంతో పనిలేదు. పుట్టుక చాలు.

సంజాయిషీ రాశాను. ఏడాదిలో నేనిచ్చిన కంప్లయింట్ల నంబర్లు, తేదీలు, క్లోజయిన తేదీలు, నిజంగా బాగయిన తేదీలు నాలుగు గడుల్లో గీసి పెట్టాను. కింద రాశాను: నేను కబురు చేరాలని ముట్టుకున్నాను. 1990లో మా అమ్మ కబురు చేరకుండా ఆపినవాళ్ళు వేరే ఉన్నారు. ఒకరి కబురు ఇంకొకరు విని ఊరికి చెప్పిన అరుగు వేరే ఉంది. ఆఫీసరు చదివి చాలాసేపు మాట్లాడలేదు. “ఇకముందు ముట్టుకోనని రాసివ్వు, సరిపోతుంది” అన్నాడు. “వారం లోపల మీరు పేటలోకి వచ్చి బాగుచేస్తే ముట్టుకోను అని రాసిస్తానండి” అన్నాను. ఆయన ఆ కాగితం తీసుకోలేదు. నా బూత్ తీసెయ్యలేదు. లైన్‌మన్ పేటలోకి రానూ లేదు. నేను ముట్టుకుంటూనే ఉన్నాను.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. ఊళ్ళో తీగ ఆగింది, మేం పేటలోకి లాక్కున్నాం. మా పేట దగ్గర మళ్ళీ ఆగింది. పుంత అవతల మాదిగ గూడెంలో గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళకి ఫోనొస్తే మా కుర్రోళ్ళు పుంత దాకా వెళ్ళి కేకేసి వచ్చేవోళ్ళు. ఒక్కోసారి బద్ధకించేవోళ్ళు. శుక్రవారం పందిరి కింద మావాళ్ళు బెంచీల మీద, వాళ్ళు బయట. నేనెవరినీ బయట నిలబడమనలేదు. లోపల కూచోమనీ అనలేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యింది. మా గూడెం కుర్రోడొకడు ఆ ఉద్యమంలోకి వెళ్ళి వచ్చి నన్ను అడిగాడు. “అన్నా, కామందు అరుగుకీ నీ పందిరికీ తేడా ఏంటో చెప్పు.” నా దగ్గర జవాబు లేదు. ఆ వారం మావయ్యా, ఆ కుర్రోడూ, నేనూ కలిసి గూడెందాకా ఇంకో తీగ లాగి, అక్కడ రచ్చబండ దగ్గర ఒక బెల్లుపెట్టె పెట్టాం. ఫోను మోగితే అక్కడా మోగేది. వాళ్ళే వచ్చి లోపల కూచుని మాట్లాడుకునేవాళ్ళు. అది కూడా చట్టం ప్రకారం అనధికారమే. మేం చేసిన పనుల్లో మంచిది అదేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అడిగించుకుని చేశాం.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీదికి వచ్చింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. తెల్లారేసరికి మా ఊరి స్తంభాలు మెలి తిరిగి వరిచేలల్లో పడి ఉన్నాయి. అది పదిహేను ఇళ్ళ తీగ. డిపార్టుమెంటు మనుషులకి జిల్లా అంతా పని. వాళ్ళు ఎప్పటికి వస్తారో తెలియదు.

నాలుగో రోజు కామందుగారి కొడుకు కాలవ దాటి మా పేటలోకి వచ్చాడు. నా ఎరికలో అదే మొదటిసారి. “అబ్బాయ్, నీకు పనొచ్చు గదా. మా పిల్ల హైదరాబాదులో ఏడుస్తుంటది. కాస్త లైను చూసిపెట్టు” అన్నాడు. మేం ఎనిమిదిమందిమి వెళ్ళాం. గూడెం కుర్రోళ్ళూ వచ్చారు. ముందు కరెంటు తీగలు ఎక్కడెక్కడ పడ్డాయో చూశాం. పడ్డ స్తంభాల్లో నిలిచేవాటిని లేపాం, లేనిచోట సరుగుడు కర్రలు పాతాం. రెండు రోజుల్లో ఎక్స్చేంజి వైపు నుంచి వచ్చే లైనుకి కలిపాం. నేను అదే ప్రహరీ పక్కన అదే చోట కర్ర ఎక్కి అదే పెట్టె తెరిచాను. దొడ్లో ఆడవాళ్ళు తడిసిన బట్టలు ఆరేసుకుంటున్నారు. ఎవరూ కేకెయ్యలేదు. ఒక పెద్దావిడ మంచినీళ్ళిచ్చింది, గ్లాసులోనే. పదిహేను ఇళ్ళలో ఫోన్లు మోగాక ఆఖరున మా పేట తీగ కట్టుకున్నాం.

మూడు నెలలకి కొత్త ఇనప స్తంభాలు వచ్చాయి, అంతా సర్దుకుంది. ఒకరోజు మళ్ళీ పెట్టెలో తీగ ఊడింది. నేను ఎక్కబోతే కామందుగారి కొడుకే అన్నాడు, “కంప్లయింటు ఇచ్చుకోరాదూ? ఎందుకొచ్చిన గొడవ.” అరవలేదు, కొట్టలేదు. అంతే మారింది. ఆపద వచ్చినప్పుడు మా చెయ్యి అంటదు, ఆపద పోగానే అంటుతుంది. మన చెయ్యి అంటరానిది కాదు, మన చేతిపని మనకోసం జరగడమే వాళ్ళకి అంటరానిది. పన్నెండేళ్ళ తీగపని నాకు నేర్పిన చరిత్ర ఈ ఒక్క ముక్కే.

తరవాత సంగతి త్వరగా చెప్తాను. 2000 అక్టోబరు 1న డిపార్టుమెంటు కంపెనీ అయ్యింది. సెల్‌ఫోన్లు వచ్చాయి. 2006లో నేను బూత్ మూసేశాను. మావయ్య పర్మనెంటు కాకుండానే పోయాడు. 2013 జూలైలో టెలిగ్రాం ఆఖరయ్యింది. 2023లో 1885 చట్టం స్థానంలో కొత్త టెలికం చట్టం చేశారు. ఇప్పుడు పేటలో ప్రతి చేతిలో ఫోను ఉంది. కువైట్‌లో ఉన్న తల్లి మొహం కూడా కనిపిస్తోంది. అరుగు కింద నిలబడాల్సిన పనిలేదు. ఇది చిన్న మార్పని నేననను.

కానీ 2022 మే నెల గుర్తుంచుకోండి. మా జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. వెంటనే ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి రాలేదు. అలా ఆపే అధికారం అప్పట్లో ఆ పాత 1885 చట్టం కింద 2017లో చేసిన నిబంధనల్లోనే ఉండేది. ఎవరి పేరు చూసి ఇళ్ళు తగలబెట్టారో ఆ పేటలవాళ్ళం, మా పిల్లలు క్షేమమేనా అని అడగడానికి వాట్సాప్ కాల్ కలవక, గల్ఫ్‌లో మా ఆడవాళ్ళు మళ్ళీ ఏడ్చారు. 1990లో ఏడ్చినట్టే. నా పాత హ్యాండ్‌సెట్టు, క్లిప్పులు ఇంకా అటక మీద ఉన్నాయి. దించి చూశాను. వాటితో చేయగలిగింది ఏమీ లేదు. ఎక్కడానికి స్తంభం లేదు, గీకడానికి రాగి లేదు.

చదువుకుంటున్న పిల్లలకి ఒక మాట చెప్పాలని ఇదంతా రాశాను. మేం నిచ్చెన మీద నేర్చుకున్న పని మీరు కంప్యూటరు ముందు కూచుని నేర్చుకోండి. సిగ్నల్ ఎక్కడ పుడుతుందో, ఎవరు ఆపుతారో, ఏ చట్టం కింద ఆపుతారో నేర్చుకోండి. కంప్లయింటు ఇవ్వండి, నంబరు రాసి పెట్టుకోండి. వాళ్ళు వచ్చేదాకా మాత్రం కూచోకండి. ఎవరైనా ముట్టుకోవద్దంటే చట్టం తెచ్చి మొత్తం చదవండి, ఆ మాటకి ముందు ఏముందో కూడా చదవండి. మన గుమ్మం దాకా తీగ వచ్చాక పుంత అవతల ఎవరున్నారో ఒకసారి చూడండి. మమ్మల్ని అడగాల్సి వచ్చింది. మిమ్మల్ని అడగకుండానే చేయండి.